చేప పడుతున్న వేళ వెనుదిరగడం
బందరు తీరంలో శరత్కాలపు వేట

శరత్కాలంలో బంగాళాఖాతానికి రెండు ముఖాలుంటాయి. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, సముద్రం మెత్తబడే కాలం అది. కృష్ణా గోదావరుల వరదనీరు మోసుకొచ్చిన ఒండ్రుతో తీరపు జలాలలో మేత పెరుగుతుంది, మేత వెంట చేప దరికి వస్తుంది. గాలం పట్టేవారికి ఇంతకన్నా అనువైన ఋతువు లేదు. అయితే తీరవాసులు భయంతో క్యాలెండరు చూసుకునే నెలలు కూడా ఇవే. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నదని చరిత్ర నమోదు చేసింది. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనలో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. చల్లని ఉదయాలను, ఈ తుఫానులను మోసుకొచ్చేది ఒకే ఋతువు.

మనం ఇళ్ళలో ఉర్దూలో 'మౌసమ్' అని పలికే మాటకు మూలం అరబ్బీ 'మవ్సిమ్'. అరబ్బు నావికులు గాలులు దిశ మార్చే కాలాన్ని ఆ పేరుతో పిలిచేవారు. ఆంగ్లంలోని 'మాన్సూన్' అక్కడి నుండి పుట్టినదే. ఏ గాలికి తెరచాప ఎత్తాలో, ఏ నెలలో ఓడను ఒడ్డుకు కట్టివేయాలో తెలిసినవాడే నాటి నావికుడు. 15వ శతాబ్దపు సుప్రసిద్ధ నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ నౌకాయానంపై గ్రంథమే రచించారు. సముద్రాన్ని గెలవడం వారి విద్య కాదు. దాని వేళలను గుర్తించి, ఆ వేళలకు లోబడి నడవడమే వారి విద్య. ఈ సత్యం మాకు పుస్తకాల ద్వారా తెలిసినదే. గత అక్టోబరు చివరి వారంలో బందరు తీరంలో ఒక పూట దానిని కళ్ళారా చూశాము.

ఐదుగురు మిత్రులు, ఒక అమీర్

మేము ఐదుగురము. ఒకరు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు, ఒకరు మందుల దుకాణం నడుపుతారు, ఇద్దరు వ్యాపారులు, ఒకరు కంప్యూటర్ ఉద్యోగి. చిన్ననాడు ఒకే వీధిలో పెరిగి, ఇప్పుడు తలొక పట్టణంలో స్థిరపడినవారము. పెళ్ళిళ్ళలోనో జనాజాలలోనో తప్ప కలుసుకోలేకపోతున్నామన్న వెలితి అందరిలోనూ ఉంది. ఆ వెలితి తీర్చుకోవడానికే ఈ ప్రయాణం. హోటలు గదిలో కూర్చుంటే ఐదుగురమూ ఐదు ఫోన్లు చూసుకుంటూ గడుపుతామని, ఫోన్లు పనిచేయని చోటికి పోదామని ఉపాధ్యాయ మిత్రుడే ప్రతిపాదించారు.

ముగ్గురు కలిసి ప్రయాణం చేసినా ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (సల్లం) బోధన. ఉపాధ్యాయులు వయసులో పెద్దవారు గనుక ఆయననే ఎన్నుకున్నాము. ఇలాంటి చిన్న యాత్రకు నాయకుడెందుకని వ్యాపారులలో ఒకరు నవ్వారు. ఆ ప్రశ్నకు సముద్రమే జవాబు చెబుతుందని అప్పటికి ఎవరమూ అనుకోలేదు.

విజయవాడ నుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. రాత్రికి అక్కడికి చేరాము. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది తూర్పుతీరంలో పెద్ద రేవు. ఇక్కడి కలంకారీ వస్త్రాలు ఓడలెక్కి పర్షియా దాకా వెళ్ళేవి. ఇదే రేవు నుండి ఎర్ర సముద్రానికి ఓడలు సాగేవి, వాటిలో హజ్ యాత్రికులూ ప్రయాణించేవారు. 'మచ్లీ' అనే మాటే ఈ ఊరి పేరులో ఉన్నదని జనం చెప్పుకుంటారు. నేటి చేపల రేవు పట్టణం పక్కనున్న గిలకలదిండిలో ఉంది. అక్కడ ఉప్పుటేరు కడలిలో కలిసే చోటును మొగ అంటారు. మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. పోటు సమయంలో నీరు పెరిగినప్పుడే పడవలు సాఫీగా దాటగలవు. పాటు వేళ నీరు తీసిందంటే లోపలివి లోపల, బయటివి బయట నిలిచిపోవలసిందే.

గోడ మీది హిజ్రీ క్యాలెండరు

పోటుపాట్ల లెక్క మాకు సరంగు వివరించారు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ 12 గంటల 25 నిమిషాల వ్యవధి. అందువల్ల నిన్న వచ్చిన వేళకు ఇవాళ పోటు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు బలంగా ఉండి నీరు ఎంత పెరుగుతుందో అంత తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి.

ఇది విని మా మందుల దుకాణం మిత్రుడికి ఒక ఆలోచన తట్టింది. హిజ్రీ మాసం నెలవంకతో మొదలవుతుంది గదా! మాసపు తొలి రోజులలోనూ, మధ్యలో పద్నాలుగు పదిహేను తేదీల ప్రాంతంలోనూ పోటు పెద్దది. ఏడు ఎనిమిది తేదీలు, ఇరవైరెండు ఇరవైమూడు తేదీలు వచ్చినప్పుడు చిన్నది. రమజాన్ కోసం, ఈద్ కోసం మనం చూసుకునే తేదీలే సముద్రం ఎంత పొంగుతుందో చెబుతాయన్నమాట. ఇంగ్లీషు తేదీని చూసి ఈ సంగతి చెప్పలేము. సరంగు కూడా ఆసక్తిగా విని, "మేము తిథి చూసుకుంటాం సాయిబు గారూ, మీరు తారీఖు చూసుకుంటారు. ఇద్దరం చూసేది ఆ చంద్రుణ్ణే," అన్నారు.

మేము వెళ్ళింది చాంద్రమాసం చివరి రోజులలో. ఉదయం ఎనిమిది దాటాక పోటు నిండుతుందని, మధ్యాహ్నం రెండు దాటేసరికి మొగలో నీరు బాగా తగ్గిపోతుందని లెక్క తేలింది. పెరుగుతున్న నీటితో బయటికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ పెరిగే నీటితో లోపలికి రావాలన్నది ఏర్పాటు.

బయలుదేరే ముందు

ఫజ్ర్ నమాజు ఒడ్డునే ముగించుకొని పడవ ఎక్కాము. అది రిజిస్ట్రేషన్ కలిగిన ఫైబర్ పడవ. సరంగు, ఇద్దరు కళాసీలు, మేము ఐదుగురము. మా పేర్లు, ఫోను నెంబర్లు మెరైన్ పోలీసులకు ఇచ్చిన తరువాతనే సరంగు ఇంజను తీశారు. లైఫ్ జాకెట్లు తొడుక్కోమన్నారు. ఉక్కపోతగా ఉందని మాలో ఒకరు జాకెట్టును పక్కన పెట్టబోగా, "నీళ్ళల్లో పడ్డాక తొడుక్కోవడం కుదరదు బాబూ," అని ఆయనే దగ్గరుండి తాళ్ళు బిగించారు. ఒంటెను కట్టివేసి ఆ పైన దైవం మీద భారం వేయమన్న ప్రవక్త (సల్లం) హితవు అమీర్ సాహెబ్ గుర్తుచేశారు. జాకెట్టు గురించిన చర్చ అంతటితో ముగిసింది.

పడవ కదిలేటప్పుడు సరంగు తన నమ్మకం ప్రకారం గంగమ్మకు మొక్కుకున్నారు. మేము మా ప్రయాణపు దుఆ చదువుకున్నాము. ఎవరి ఆరాధన వారిది. ఆ పడవలో అందరి క్షేమమూ ముడిపడి ఉన్న సంగతి మాత్రం ఉభయులకూ తెలుసు.

మొగ దాటి తూర్పుగా గంటసేపు సాగాక, పది బారల లోతు ఉన్న చోట లంగరు దించారు. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, దాదాపు ఆరడుగులు. సీసపు గుండు కట్టిన తాడును నీళ్ళలోకి వదిలి, పైకి లాగుతూ చేతులతో కొలిచి లోతు చెబుతారు. గుండుకు అంటిన మట్టిని చూసి అడుగున ఇసుక ఉందో బురద ఉందో కూడా చెబుతారు. ఈ విద్యకు తోడు ఇప్పుడు ఉపగ్రహ సమాచారమూ ఉంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు ఉష్ణోగ్రతను, నీటిలోని పచ్చని సూక్ష్మజీవుల సాంద్రతను ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు ఎక్కడ గుమికూడే అవకాశముందో మత్స్యకారులకు తెలియజేస్తుంది. అలల ఎత్తు గురించీ ముందస్తు సూచనలిస్తుంది. మన హైదరాబాదుకు సముద్రం లేదు గానీ, సముద్రంలో ఉన్నవారికి కబురు అందేది అక్కడి నుండే.

ఎర, గాలం, ధర్మం

కవ్వల ముక్కలు, రొయ్యలు ఎరగా తెచ్చుకున్నాము. బతికున్న ప్రాణిని గాలానికి గుచ్చడం దానిని హింసించడమేనని ధర్మవేత్తలు హర్షించలేదు. అందువల్ల మంచులో పెట్టిన చచ్చిన ఎరనే వాడాలని బయలుదేరక మునుపే నిర్ణయించుకున్నాము. వినోదం కోసమే ప్రాణం తీయడం విశ్వాసికి తగదు గనుక, తినేంత, పంచేంత మాత్రమే పట్టాలనీ, వేలెడు పిల్లలు పడితే తిరిగి వదిలేయాలనీ అమీర్ సాహెబ్ షరతు పెట్టారు.

సముద్రపు చేప విషయంలో ఇస్లాం చూపిన వెసులుబాటు మనకు తెలిసిందే. సముద్రపు వేటను, దాని ఆహారాన్ని ధర్మసమ్మతం చేసినట్లు 'మాయిదా' సూరా తెలుపుతుంది. దానిని మానవులకు వశపరచినది తాజా మాంసం తినడానికీ, ఆభరణాలు వెలికితీయడానికీ, ఓడలు సాగడానికీ అని 'నహల్' సూరా వివరిస్తుంది. సముద్ర ప్రయాణంలో తాగే నీరు కొద్దిగానే ఉంటుంది, వుజూ ఉప్పునీటితో చేయవచ్చునా అని ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లం)ను అడిగినప్పుడు, ఆ నీరు శుద్ధిపరచేదేనని చెబుతూ, అడగని సంగతి కూడా ఆయన తెలియజేశారు: సముద్రంలో మృతిచెందినది కూడా ధర్మసమ్మతమేనని. నీటి కొరత ఉన్నవారికి ఆకలి కూడా ఉంటుందని గ్రహించిన కారుణ్యం అది. అయితే తనంతట తానే చచ్చి నీటిపై వెల్లకిలా తేలే చేపను హనఫీ మస్లక్‌లో తినరు. పీత కూడా తినరు. రొయ్య విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది.

ఎండ పైకి వచ్చాక ఆ ఉప్పునీటితోనే వుజూ చేసుకొని, పడవలో కూర్చుని చాష్త్ నమాజు చదువుకున్నాము. దిక్కు వెతకవలసిన పని లేకపోయింది. ఈ తీరం నుండి సముద్రంలోకి తూర్పుగా వెళ్ళినవారికి కిబ్లా వెనుకవైపు, ఒడ్డువైపే ఉంటుంది. సజ్దా చేసిన దిక్కునే ఇల్లూ, బిడ్డలూ ఉన్నారన్న స్ఫురణ అందరికీ కలిగింది. మేము నమాజులో ఉన్నంతసేపు కళాసీలు అటూ ఇటూ నడవకుండా, పడవ ఊగకుండా కూర్చున్నారు. అది మేము కోరినది కాదు, వారంతట వారు చూపిన మర్యాద.

తొలి గంటలో పడినవి కొద్దే. రెండు జెల్లలు, నాలుగు గొరకలు. జెల్ల రెక్కకు ఉండే ముల్లు విషపుది, గుచ్చుకుంటే చెయ్యి వాచి గంటలకొద్దీ సలుపుతుంది. కళాసీ పటకారుతో ఆ ముల్లు విరిచిన తరువాతనే చేపను మా చేతికిచ్చేవాడు. చిన్న గొరకను ఒకదానిని తిరిగి నీటిలోకి వదిలాము.

పోటు నిండాక

ఎనిమిదిన్నరకు నీరు నిలిచింది. కొంతసేపు పడవ కదలక మెదలక ఉంది. పిమ్మట పాటు మొదలైంది. నీరు కదలగానే అడుగున ఉన్న మేత కదులుతుంది, చేప ఆకలిగొంటుంది. కళాసీ చెప్పినట్లే తొమ్మిదిన్నర నుండి గాలాలు ఖాళీగా రాలేదు. వెండిలా మెరిసే పారలు పడ్డాయి. వ్యాపారి మిత్రుడి తాడుకు మాగ పడింది. దానిని పైకి లాగడానికి ఇద్దరి బలం కావలసివచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట వీధిలో గోళీలాడిన నాటి కేకలు ఆ పడవలో మళ్ళీ వినిపించాయి. ఫోను సంగతి ఎవరికీ గుర్తులేదు. మేము కోరి వచ్చిన ఆనందం అదే.

సరిగా అదే సమయంలో సరంగు లేచి నిలబడి ఆగ్నేయ దిశగా చూడసాగారు. మాకు అక్కడ ఏమీ కనిపించలేదు. ఎండ కాస్తోంది. గాలి లేదు. అయితే పడవ ఊపు మారింది. అప్పటిదాకా చిన్న చిన్న అలలు పడవను తడుతుండగా, ఇప్పుడు పొడవైన అలలు నెమ్మదిగా కింద నుండి పైకెత్తి దించుతున్నాయి.

"గాలాలు ఎత్తేయండి మేష్టారూ. వెళ్ళిపోదాం," అన్నారు సరంగు.

"ఇప్పుడే కదా అన్నా పడుతున్నాయి! గాలి కూడా లేదే!" అన్నాడు మాగను పట్టిన మిత్రుడు.

"ఇక్కడ గాలి లేకుండా ఇంత అల వస్తోందంటే, ఎక్కడో గాలి ఉన్నట్టే. గాలి కన్నా అల ముందొస్తుంది. ఇప్పుడు కదిలితే మొగలో ఇంకా నీళ్ళుంటాయి. ఇంకో గంటాగితే ఉండవు. అప్పుడిక సాయంత్రం దాకా ఇక్కడే ఊగుతా ఉండాలి."

ఆయన చెప్పిన దానిలో శాస్త్రం ఉంది. సుదూరాన రేగిన తుఫాను గాలి పుట్టించిన అల వందల కిలోమీటర్లు ప్రయాణించి, తుఫానుకు ముందుగానే తీరానికి చేరుతుంది. పాటు నీరు మొగ నుండి బయటికి పరుగెత్తుతుంటే, ఆ పెద్ద అల దానికి ఎదురువస్తుంది. రెండూ ఢీకొన్న చోట అల నిటారుగా లేచి విరుగుతుంది. ఇసుక మేట మీద లోతు తక్కువైనప్పుడు అలా విరిగే అల పడవను అడ్డంగా తిప్పివేయగలదు.

మిత్రుడు అమీర్ సాహెబ్ వైపు చూశాడు. మరో అరగంట చాలు, అందరి ఇళ్ళకూ సరిపడా చేప పడుతుందన్నది అతని వాదన. అది దురాశ అని కొట్టివేయలేము. ఇంటివారికి వంజరం తెస్తానని మాట ఇచ్చి వచ్చాడు. అమీర్ సాహెబ్ తన గాలం చుట్టడం మొదలుపెడుతూ అన్నారు: "సముద్రంలో అమీర్‌ను నేను కాదు. ఆయన. మనం ఆయన మాట వినడానికే మీరు నన్ను ఎన్నుకున్నారనుకోండి."

మరో మాట లేకుండా ఐదు గాలాలూ పైకి వచ్చాయి. చివరి తాడుకు ఒక పార తగిలే ఉంది.

శనివారపు పరీక్ష

తిరుగు ప్రయాణంలో అమీర్ సాహెబ్ 'ఆరాఫ్' సూరాలోని సముద్రతీర పట్టణవాసుల గాథను ప్రస్తావించారు. వారికి శనివారం వేట నిషిద్ధం. ఆ ఒక్కరోజే చేపలు గుంపులు గుంపులుగా నీటిపైకి కనిపించేవి, తక్కిన రోజులలో కనిపించేవి కావు. హద్దు పాటించవలసిన వేళనే ప్రలోభం ఎదురుకావడం ఆ పరీక్షలోని కీలకం. చేప దొరకనినాడు వల ముడిచి కూర్చోవడానికి ఎవరికీ నిగ్రహం అక్కరలేదు. పడుతున్న వేళ చేయి వెనక్కు తీసుకోవడమే నిగ్రహం.

ఆ గాథ ఏనాటిదో అనిపించవచ్చు గానీ ఈ తీరంలో దాని నీడ ప్రతి ఏటా కనబడుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పుతీరంలో యాంత్రిక, మోటారు పడవల వేట నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ ఈ కుటుంబాలకు చేతినిండా పని ఉండదు. ప్రభుత్వం భృతి ఇచ్చినా, అప్పులు పుట్టే కాలం అదే. అయినా పడవలు ఒడ్డెక్కించి, వలలు బాగుచేసుకుంటూ ఎదురుచూస్తారు. ఆ నిగ్రహం వల్లనే శరత్కాలంలో మనబోటివారి గాలానికి నాలుగు చేపలు పడుతున్నాయి. బజారులో వంజరం ధర పెరిగిందని విసుక్కునే ముందు ఈ సంగతి తలచుకోవడం న్యాయం.

సరంగు అప్పటిదాకా మౌనంగా విని, తన కథ చెప్పారు. 1977లో ఆయనకు ఐదేళ్ళు. ఉప్పెన వచ్చిన రోజున తల్లి ఆయనను తన చీరకొంగుతో తాటిచెట్టుకు కట్టివేసింది. తెల్లవారేసరికి చెట్టు ఉంది, కొంగు ఉంది, తల్లి లేదు. "ఆ రోజు కూడా ముందు అలే వచ్చిందంట. మా నాన్న వాళ్ళకు ఎవరూ కబురు చెప్పలేదు. ఇప్పుడు ఫోనుకొస్తోంది కబురు. వచ్చినా వినకపోతే ఆ పోయినోళ్ళకు మనమేం మర్యాద చేసినట్టు?" అన్నారు. మాగను పట్టిన మిత్రుడు లేచివెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఒడ్డు చేరేదాకా అక్కడి నుండి కదలలేదు.

అల్లకల్లోలమైన సముద్రంపై ప్రయాణించడాన్ని దైవప్రవక్త (సల్లం) వారించారని హదీసులలో ఉంది. అలలు చుట్టుముట్టినప్పుడు చిత్తశుద్ధితో దైవాన్ని వేడుకొని, ఒడ్డెక్కగానే మరచిపోయే మనిషి స్వభావాన్ని 'యూనుస్' సూరా ఎత్తిచూపుతుంది. ఆ పూట అలలు మమ్మల్ని చుట్టుముట్టలేదు. చుట్టుముట్టకముందే వెనుదిరిగాము. మొగ దాటేటప్పుడు మాత్రం పడవ రెండుసార్లు బలంగా లేచి పడింది. అడుగున ఇసుక గీరుకున్న చప్పుడు అందరికీ వినిపించింది.

పూర్తి కూలి

ఒడ్డుకు చేరేసరికి పదకొండున్నర దాటింది. రోజంతటికి మాట్లాడుకున్న పడవ సగం పూటే తిరిగింది. సగం ఇస్తే సరిపోతుందేమోనని వ్యాపారులలో ఒకరు నెమ్మదిగా అన్నారు. లెక్క ప్రకారం అందులో తప్పు పట్టలేము. సరంగు కూడా, "సగమే ఇవ్వండి, డీజిలు మిగిలింది," అన్నారు.

అమీర్ సాహెబ్ 'కహఫ్' సూరాలోని పడవను గుర్తుచేశారు. మూసా (అలైహిస్సలాం) ప్రయాణంలో ఖిజ్ర్ (అలైహిస్సలాం) రంధ్రం చేసిన ఆ పడవ సముద్రంలో శ్రమించి పొట్టపోసుకునే నిరుపేదలది. బలవంతంగా పడవలను లాక్కునే రాజు బారి నుండి దానిని కాపాడటానికే ఆ పని జరిగింది. సాగరంపై కష్టించే పేదల జీవనాధారానికి అంతటి విలువ ఉన్నప్పుడు, మమ్మల్ని క్షేమంగా ఒడ్డుకు చేర్చిన నిర్ణయానికి మేము కోత విధించడం ఏ న్యాయం? తొందరగా తిరిగివచ్చినందుకు సరంగుకు నష్టం వస్తే, మరోసారి ఇంకెవరినో తీసుకువెళ్ళినప్పుడు ఆయన మరో గంట ఆగాలనుకోవచ్చు. ఆ గంట ఎవరి ప్రాణం మీదికి రాగలదో తెలియదు. పూర్తి మొత్తం చెల్లించాము. సగం చాలన్న మిత్రుడే పైకం లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు.

చేపలు మొత్తం పదిహేడు. కళాసీల ఇళ్ళకు కొన్ని ఇచ్చి, తక్కినవి మంచులో పెట్టించాము. రేవులో వేలంపాట జరుగుతోంది. గంపల ముందు నిలబడి ధర పలుకుతున్నవారిలో ఎక్కువమంది స్త్రీలే. రాత్రంతా పురుషుడు తెచ్చినదానిని పగలంతా ఎండలో నిలబడి సొమ్ముగా మార్చేది ఆ తల్లులే. సముద్రంపై గడిపే సమయం ఎంత కష్టమో, గంప నెత్తినెత్తుకుని ఊరూరా తిరగడమూ అంతే కష్టం.

జుహ్ర్ నమాజు పట్టణంలో చదువుకొని, పిల్లలకు బందరు హల్వా కొనుక్కొని ఇంటిముఖం పట్టాము. సాయంత్రానికి వాతావరణశాఖ హెచ్చరిక వచ్చింది, రేవులో ఒకటో నెంబరు ప్రమాద సూచిక ఎగిరింది. చివరికి ఆ వాయుగుండం మన తీరం దాకా రాలేదు, సముద్రంలోనే బలహీనపడింది. రెండు రోజులు వానలు కురిసి వెలిశాయి. "చూశారా, ఏమీ కాలేదు. సాయంత్రం దాకా ఉండవలసింది," అని ఎవరైనా అనవచ్చు. రాని తుఫానుకు వెనుదిరగడం నష్టమని భావించేవాడు వచ్చే తుఫానుకు వెనుదిరగడు. ఆ తేడా సముద్రం మీద ఉన్నవారికి ముందుగా తెలియదు. వారికి తెలిసేది అల ఒక్కటే.

వెళ్ళదలచినవారికి

ఇలాంటి ప్రయాణం చేయదలచిన పాఠకులు కొన్ని విషయాలు గమనించాలి. రిజిస్ట్రేషన్, లైఫ్ జాకెట్లు ఉన్న పడవనే ఎంచుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగివస్తారో ఇంట్లో చెప్పి, మెరైన్ పోలీసులకు తెలిపి వెళ్ళండి. సముద్రంలో ఆపద ఎదురైతే తీర రక్షక దళం నెంబరు 1554. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాలలో ముందురోజు రాత్రీ, బయలుదేరే వేళా వాతావరణ సూచన చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. ఈత రాని పిల్లలను గాలం వేటకు సముద్రంలోకి తీసుకువెళ్ళవద్దు. వారికి ఉప్పుటేటి గట్టు చాలు. తాగునీరు, తలపాగా, వాంతులకు మందు మరువవద్దు. ప్లాస్టిక్ సంచులు, తెగిన నైలాన్ తాడు నీటిలో వదలవద్దు. డిసెంబరు నుండి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి చేరే తాబేళ్ళకు అవి ఉరితాళ్ళవుతాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, బయలుదేరకముందే ఒక మాట అనుకోండి: సరంగు తిరుగుదామంటే మారు ప్రశ్న వేయకూడదు. ఒడ్డున ఎవరి హోదా వారిది. నీటిపై సముద్రం తెలిసినవాని మాటే చెల్లాలి. పిల్లలకు ఈ ఒక్క మర్యాద నేర్పగలిగితే, చేపలు పడినా పడకపోయినా ఆ ప్రయాణం ఫలించినట్లే.

అనుగ్రహాలను అనుభవించే భాగ్యాన్ని, వాటి హద్దులను గుర్తించే వివేకాన్ని, మన పళ్ళెంలోకి ఆహారం చేర్చడానికి అలలపై ప్రాణాలొడ్డే శ్రామికుల హక్కును గౌరవించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఈ ఋతువులో కడలిపై ఉన్న ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చుగాక! ఆమీన్.